నలభై రోజులుగా కలం పట్టుకోబుద్ధి కావడం లేదు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు నేనూ తీసేశాను. మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకు 39 ఏళ్లు. తపాలా శాఖలో 15 ఏళ్లుగా ఉద్యోగం. భర్త ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంటి మీద లోను ఉంది. ఆరేళ్ల కిందట పార్సిల్ కౌంటర్లో కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన కలంకారీ బట్టలు పార్సిల్ చేయించడానికి వచ్చారు. మడత పెడుతున్న గుడ్డ మీద సీతమ్మవారి కన్ను ఒకటి కనిపించింది. "అది గీసిందా, అచ్చు వేసిందా అండీ?" అని ఈవిడ అడిగారు. "గీసిందేనమ్మా, ఓసారి కాళహస్తి వచ్చి చూడు" అన్నారాయన. అలా వెళ్లి, రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం బస్సెక్కి, ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆ తర్వాత నుంచి ఆదివారం పొద్దున్నే పనులు తెమిల్చుకుని మేడ మీద బొమ్మ వేసుకోవడం అలవాటైంది.

పోయిన శ్రావణంలో ఆడపడుచు గృహప్రవేశానికి గోపికలతో ఉన్న కృష్ణుడి బొమ్మ వేసి ఇచ్చారు. వచ్చినవాళ్లంతా "ఎక్కడ కొన్నారు?" అని అడిగారట. భర్త ముచ్చటపడి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచారు. తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. ఒక్కొక్కటి ₹5,000, సగం ముందే పుచ్చుకున్నారు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండు దాకా కూర్చుని మూడు పూర్తి చేశారు. మూడోదాన్ని పుచ్చుకున్నావిడ "ఫోటోలో ఉన్న ఎరుపు రాలేదు" అని తిప్పి పంపేసింది. డబ్బు వెనక్కి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి ఇప్పటికి నలభై రోజులైంది, బొమ్మ గీసే కలం ముట్టుకోలేదు. ఆరుగురి అడ్వాన్సు ₹15,000 పాప కాలేజీ ఫీజులో కలిసిపోయింది.

భర్త "ఇష్టమైన పనికే డబ్బులొస్తుంటే ఇంకా ఏడుపెందుకు?" అంటున్నారు. అత్తగారు నలుపు రంగు కోసం పెట్టిన కసిమి కుండ కంపు కొడుతోందని పారబోయించారు. గురువుగారు కోపం లేకుండానే ఒక మాట అన్నారు: "నువ్వు ఐదు వేలకు ఇస్తే అదే బొమ్మ నేను పన్నెండు వేలకు ఎలా అమ్ముకోవాలమ్మా?" ఆఫీసులో ఒక సహోద్యోగి ఇది రూల్స్‌కు విరుద్ధమని భయపెట్టారు. భర్తేమో అత్తగారి పేరు మీద నడుపుదామంటున్నారు.

ఆవిడ చివర్లో అడిగినవి మూడు ప్రశ్నలు: "పూర్తిగా మానేయనా? ఉద్యోగం వదిలేసి ఇదే చేయనా? అసలు నాది బద్ధకమేమో, మీరే చెప్పండి."

—

అమ్మా, ముందు మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా రెండూ దాని మీదే నిలబడి ఉన్నాయి. పగలంతా కౌంటర్లో కూర్చుని, వంట చేసి, పాప చదువు చూసుకుని, రాత్రి పదకొండు దాకా బొమ్మ వేసిన మనిషికి బద్ధకం ఎక్కడిది? మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. ఆర్డర్ల గురించి, డబ్బు గురించి రాసింది అర పేజీ. ఎరుపు ఎలా వస్తుందో రాసింది రెండున్నర పేజీలు. పటిక నీళ్లు పూసినప్పుడు గుడ్డ మీద పెద్దగా ఏమీ కనపడదని, ఎక్కడ పూశామో మనసులో గుర్తుంచుకోవాలని, తర్వాత మంజిష్ఠ వేరు వేసి కాగబెడుతుంటే పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుందని రాశారు. "మొదటిసారి గోపిక పాదాల దగ్గర ఎరుపు కనిపించినప్పుడు కర్ర వదిలేసి మా పాపను కేకేశాను" అన్న వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఇలా రాసే మనిషికి ఆ పని మీద ఇష్టం చచ్చిపోలేదు. అలసిపోయింది, పైగా అవమానపడింది. ఈ రెంటికీ మందు వేరువేరు. వాటిని ఒకటే అనుకుంటే తప్పుడు నిర్ణయం తీసుకుంటారు.

అలసట సంగతి లెక్కతోనే తేల్చుకుందాం. ఒక బొమ్మకు ఏడు ఆదివారాలు పడుతుందని మీరే రాశారు. గుడ్డను కరక్కాయ, పాలల్లో ముంచి ఆరబెట్టడం, చింతపుల్ల బొగ్గుతో గీత, కసిమితో నలుపు, పటిక, మంజిష్ఠలో ఉడకబెట్టడం, ఉతకడం, పసుపు, నీలం, మధ్య మధ్యలో మళ్లీ ఎండ. రోజుకు ఆరు గంటల చొప్పున 42 గంటలు. గుడ్డకు, రంగులకు ₹900 అవుతోందన్నారు. మిగిలిన ₹4,100ను 42తో భాగించి చూడండి, గంటకు వంద రూపాయలు కూడా పడటం లేదు. ఇక తొమ్మిది ఆర్డర్లంటే 63 ఆదివారాలు. ఏడాదికి ఉండేవే 52. రాత్రిళ్లు గీత పని చేసుకోవచ్చు గానీ రాత్రి పూట ఎండ ఎక్కడి నుంచి తెస్తారు? మీ ఆయన ఆర్డర్లు ఒప్పుకున్న రోజునే ఇది కుదరని లెక్క. ఆయన కావాలని చేయలేదు. గుడ్డ ఆరడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలియదు, మీరూ చెప్పలేదు. కాబట్టి ఈ కాగితం ఆయన ముందు పెట్టండి. లెక్కలు చూసే మనిషి కదా, మీ కన్నీళ్ల కంటే ఈ 63 ఆయనకు త్వరగా అర్థమవుతుంది.

అవమానం సంగతి వేరు. తిప్పి పంపినావిడ చెడ్డావిడ కాదు, ఆవిడకు తెలియదు, అంతే. దుకాణంలో డబ్బా రంగు కొంటే ఏ డబ్బా తెరిచినా ఒకే ఎరుపు ఉంటుంది. వేరు నుంచి తీసిన ఎరుపు నీటిని బట్టి, ఎండను బట్టి, కాగిన సేపును బట్టి మారుతుంది. మీ గురువుగారిని అడిగినా నిరుటి ఎరుపు ఈ ఏడు అచ్చంగా తెస్తానని మాట ఇవ్వరు. కానీ మీ పేజీలో ఫోటో పెట్టి, కింద ధర రాసి, "ఇలాంటిదే" అని ఒప్పుకున్నాక ఎదుటి మనిషి ఫోటోలోని ఎరుపే కోరుకుంటుంది. అక్కడ "ప్రతి బొమ్మ రంగూ కొంత వేరుగా ఉంటుంది" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ గొడవే లేదు. మీ చేతి పనిలో లోపం లేదమ్మా. లోపమల్లా ఆ ఫోటో కింద రాసిన మాటల్లో.

ఇక ఉద్యోగం రూల్స్. మీ సహోద్యోగి మాటలో సగం నిజముంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 15వ నియమం చదవండి. అడపాదడపా చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ప్రభుత్వం ఆపమంటే మాత్రం ఆపేయాలి. అదే నియమం వ్యాపారాన్ని మాత్రం, అది నేరుగా చేసినా చాటున చేసినా, అనుమతి లేకుండా చేయకూడదంటుంది. ఏడాదికి ఒకటి రెండు బొమ్మలు ఇవ్వడం ఏ కోవలోకి వస్తుందో, ధరలు వేసి పేజీ పెట్టి ఆర్డర్లు తీసుకోవడం ఏ కోవలోకి వస్తుందో మీకే తెలుస్తుంది. అత్తగారి పేరు మీద పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తే ఆ సంగతి శాఖకు తెలియజేయాలి. వాళ్ల వ్యాపారానికి ఉద్యోగి ప్రచారం చేసిపెట్టడమూ తప్పే. పైగా గీసేది మీరైనప్పుడు ఆ పేరు ఎవరిదైతే ఏం లాభం? 15 ఏళ్ల సర్వీసును ₹5,000 బొమ్మ కోసం పణంగా పెట్టకండి. అనుమానం ఉంటే మీ డివిజన్ కార్యాలయానికి రాతపూర్వకంగా రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

గురువుగారి మాట మిమ్మల్ని అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకుందని ఉత్తరంలోనే తెలుస్తోంది, ఎందుకంటే దాన్ని రెండుసార్లు రాశారు. ఆయన చెప్పింది న్యాయమే. శ్రీకాళహస్తిలో ఈ పని దాదాపు అంతరించే స్థితికి వచ్చినప్పుడు చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు పూనుకుంటే 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు దీన్నే నమ్ముకుని బతికారు కాబట్టే ఆరేళ్ల కిందట మీ కౌంటర్‌కు ఆ పార్సిల్ వచ్చింది. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అందుకే గంటకు వంద గిట్టకపోయినా మీరు ఐదు వేలకు ఇవ్వగలరు. ఆయన ఇవ్వలేరు. ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి అనడం లేదు. మీకు తెలియకుండానే మీ ధర ఆయన కంచం దాకా వెళ్లింది. ఇంకో సంగతి, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెందుతుందని చట్టం ఒప్పుకుంది. అమ్మకానికి ఆ పేరు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మీ పేజీ మీద ఆ పేరు ఉంటే ముందు అది తీయించండి.

ఇప్పుడు దారుల విషయం. ఇది చేయమని నేను చెప్పను, ఏ దారిలో ఏముందో చెబుతాను.

ఆర్డర్లన్నీ రద్దు చేసి, పేజీ మూసేసి, డబ్బు తిరిగి ఇచ్చేయడం ఒకటి. ₹15,000 ఒక్కసారిగా తీయలేకపోతే నెలకు ఇద్దరి చొప్పున మూడు నెలల్లో ఇచ్చేస్తానని చెప్పొచ్చు. నిజం చెప్పి గడువు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. దీనితో మీ ఆదివారం మీకు వెంటనే దక్కుతుంది. కానీ మూడు నెలలు ఇంటి ఖర్చు బిగించాలి. మీ ఆయన మనసులో "నేను ముచ్చటపడి పెట్టింది తను కూల్చేసింది" అన్న చిన్న ముల్లు మిగలొచ్చు. ఆ ముల్లు పడకుండా ముందే మాట్లాడుకోవాలి.

రెండోది, ఒప్పుకున్న ఆరూ పూర్తి చేసి ఆపేయడం. మాట తప్పలేదన్న తృప్తి ఉంటుంది. ఆరు బొమ్మలకు ఏడేసి ఆదివారాలంటే నలభై రెండు, అంటే ఈ మాఘం నుంచి మార్గశిరం దాకా ఒక్క ఆదివారం కూడా మీది కాదు. పాప పరీక్షలు, పండుగలు, జ్వరాలు కలుపుకుంటే ఇంకా ఎక్కువే. నలభై రోజులుగా కలం వైపు చూడలేని మనిషి 42 వారాలు ఇతరులు అడిగిన బొమ్మలే వేస్తే, 43వ వారం తన కోసం వేసుకుంటుందా? నాకు నమ్మకం లేదు.

మూడోది నాకు ఎక్కువ నచ్చింది, అయినా ఎంచుకోవాల్సింది మీరే. ఆరుగురికీ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు వేస్తాను. మీరు ఏడాది ఆగగలిగితే వేసి ఇస్తాను. ఆగలేకపోతే డబ్బు తిరిగి ఇస్తాను. లేదంటే నాకు నేర్పిన గురువుగారి నంబరు ఇస్తాను, ఆయన ధర ఎక్కువ, పని నాకంటే గొప్పది." నా అంచనాలో ఒకరిద్దరు ఆగుతారు, కొందరు డబ్బు అడుగుతారు, ఒకరైనా గురువుగారి దగ్గరికి వెళ్తారు. ఆ ఒక్కరు చాలు, మీరు ఆయన ముందు తలెత్తుకుని నిలబడతారు. ఇక ముందు ఎప్పుడైనా మీ బొమ్మ ఎవరికైనా ఇవ్వాల్సివస్తే బహుమతిగా ఇవ్వండి, లేదా గురువుగారి ధరకు తగ్గకుండా ఇవ్వండి. మధ్యలో ఉన్న ధర ఎవరికీ మంచిది కాదు. ఈ దారిలో ఉన్న చిక్కు ఏమిటంటే ఎప్పటికప్పుడు "వద్దు" అనాల్సి వస్తుంది. చుట్టాలకు వద్దు అనడం మనవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఉద్యోగం వదిలేసి ఇదే చేయడం గురించి కూడా అడిగారు. ఆ ఆలోచనను నేను కొట్టిపారేయను. కానీ 20 ఏళ్ల సర్వీసు నిండితే తప్ప స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోలేరు. మీకు ఇంకా ఐదేళ్లుంది. ఇప్పుడు వదిలితే అది రాజీనామా అవుతుంది, దాని ఫలితం జీవితాంతం ఉంటుంది. ఇంటి లోను, ఇంటర్ పిల్ల ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. అంత కోరిక నిజంగానే ఉంటే పాప పరీక్షలయ్యాక ఒక నెల సెలవు పెట్టి గురువుగారి దగ్గర పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పనిచేయండి. బొమ్మ వేయడం ఒక్కటే చూడకండి. ఆయన గుడ్డ ఎక్కడ కొంటున్నారు, అమ్మేవాడు ఎన్నాళ్లకు డబ్బు ఇస్తున్నాడు, అమ్ముడుపోనిది ఏం చేస్తున్నారు, ఒకే అంచు నలభై చీరలకు గీయాల్సివస్తే ఆయన మొహం ఎలా ఉంటుంది, అన్నీ చూడండి. ఆ నెల తర్వాత కూడా మనసు అటే లాగితే ఐదేళ్ల తర్వాతి మాట ఇప్పటి నుంచే ఆలోచించుకోవచ్చు.

డబ్బు ముట్టుకుంటే ఇష్టం పోతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మా మేనత్త నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చి, డిజైను చెప్పి, అల్లినదానికి లెక్క కట్టి ఇచ్చేవాడు. ఆ డబ్బుతోనే ఇల్లు గడిచింది. కానీ పెట్టెలో వేరే దారపు ఉండ ఒకటి ఉండేది, సొంత డబ్బుతో కొన్నది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏజెంటు పని పక్కన పెట్టి ఆ ఉండ తీసేది. ఏం అల్లుతున్నావత్తా అంటే "చూద్దాం, ఎటు పోతుందో" అనేది. ఒకసారి నెమలి అనుకున్నది బాతు అయింది, అదే మా కిటికీకి వేలాడదీసింది. ఏజెంటు దానికి పైసా ఇచ్చి ఉండడు. రెండు పనులూ ఒకే చేతితో చేసేది గానీ రెండు దారాలూ ఎప్పుడూ కలపలేదు. మీ విషయంలో జరిగింది ఆ కలగాపులగమే. ఉన్న ఒక్క ఉండా ఏజెంటుకే పోయింది.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "నీ వల్లే" అన్న మాట రానివ్వకండి. ఆయన మీ బొమ్మ చూసి మురిసిపోయి పేజీ పెట్టారు. భార్య చేసిన పనిని నలుగురికీ చూపించాలనుకునే భర్తలు ఎంతమంది ఉన్నారు? దాన్ని ముందు ఒప్పుకోండి. తర్వాత ఆయనకు ఇంకో పని చెప్పండి: ధరలు, ఆర్డర్లు తీసేసి, ఆ పేజీలో బొమ్మలు మాత్రం ఉంచమనండి. ముచ్చట తీరుతుంది, వ్యాపారమన్న మాట రాదు. ఫీజుల కోసం ఆయన నిజంగా బెంగపెట్టుకుని ఉంటే ఆ సంగతి వేరుగా కూర్చుని మాట్లాడండి. వచ్చే ఏడాది ఫీజుకు ఇప్పటి నుంచే నెలకు కొంత పక్కన పెట్టాలా, మీ ఆఫీసు సొసైటీ లోను దొరుకుతుందా అన్నవి ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సినవి. పాప ఫీజు భారం కృష్ణుడి బొమ్మ మీద వేయొద్దు.

అత్తగారి మాట కూడా నిజమే సుమా. తుప్పు ఇనుము, బెల్లం కలిపి వారాల తరబడి నానబెట్టిన కుండ, పక్కనే గేదె పాలు పట్టించి ఆరేసిన గుడ్డ, రెండూ వాసన వేస్తాయి. వంటగది వెనక వద్దు, మేడ మీద నీళ్ల ట్యాంకు అవతల నీడలో పెట్టి పైన గుడ్డ కట్టండి. ఆవిడకు ఒకరోజు నలుపు వేసేటప్పుడు చూపించండి. లేత రంగులో ఉన్న నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే కళ్లముందే నల్లబడటం చూస్తే కంపు సంగతి ఆవిడే కొంత మర్చిపోతారు. పెద్దవాళ్లకు ఇలాంటివి చూడటం సరదా, మనమే పిలవం.

మీ పాప అడిగిందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు: "అమ్మా, నువ్విప్పుడు మేడ మీదికి ఎందుకు వెళ్లట్లేదు?" దానికి మీరు ఏం జవాబు చెప్పారో రాయలేదు. ఆర్డర్ల వల్ల అని చెప్పారా, ఒంట్లో బాగాలేదన్నారా? నిజం చెప్పండి. 17 ఏళ్ల పిల్లకు అర్థమవుతుంది. వీలైతే ఆ 63 ఆదివారాల లెక్క కాగితం ఆమెకూ చూపించండి.

తొందరపడి ఈ వారమే ఏదీ తేల్చక్కర్లేదు. పారబోసిన కసిమి మళ్లీ పెట్టుకోవాలి కదా, అది తయారవడానికి ఎలాగూ రెండు మూడు వారాలు పడుతుంది. ఏ దారి ఎంచుకున్నా నలుపు కావాల్సిందే. తుప్పు మేకులు ఏరుకుని, బెల్లం తెచ్చుకుని ఈ ఆదివారం కుండ పెట్టేయండి. అది నానేలోపు మీ ఆయనతో మాట్లాడండి, ఆరు ఫోన్లు చేయండి. కుండ మూత తీసే రోజుకు గుడ్డ మాత్రం ఒక్కటే సిద్ధం చేసుకోండి, ఎవరూ అడగనిది.